డబ్బా మనదే, తాళం ఎవరిది? టీవీ కింద పెట్టెల కథ

ఈ ఎపిసోడ్ సామర్లకోట నుంచి. ఈ మధ్య కుర్రాళ్ళు చాలామంది ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "ఇంట్లో పాత కంప్యూటర్ ఒకటి ఖాళీగా ఉంది. దానికి పెద్ద హార్డ్‌డిస్క్ పెట్టి అమ్మానాన్నల పెళ్ళి వీడియో, అక్క పెళ్ళి, తాతయ్య షష్టిపూర్తి, ఫోన్‌లో తీసిన వీడియోలు అన్నీ అందులో వేశాం. ఇంట్లోనే మీడియా సర్వర్ తయారైపోయింది. ఇప్పుడు టీవీకి ఏ డబ్బా తగిలించాలి?"

రెండు నిమిషాల్లో ఒక మోడల్ పేరు చెప్పేసి ఊరుకోవచ్చు. కానీ ఆ మోడల్ వచ్చే ఏడాదికి పాతబడిపోతుంది. అందుకే ఈరోజు చరిత్రలోంచి వద్దాం. ఎందుకంటే మన ఇళ్ళలోకి ఇప్పటిదాకా వచ్చిన దాదాపు ప్రతి డబ్బానీ మనం ఎంచుకోలేదు. ఎవరో ఎంచుకుని మనకిచ్చారు. ఇంటి సర్వర్‌కి డబ్బా కొనేటప్పుడే మొదటిసారి ఆ నిర్ణయం పూర్తిగా మన చేతికొచ్చింది. మరి దాన్ని ఎలా వాడుకోవాలి?

మొదలు 1975 దగ్గర. ఆ ఏడాది ఆగస్టు 1న 'సైట్' అనే ప్రయోగం మొదలైంది. అమెరికా వాళ్ళ ఏటీఎస్-6 ఉపగ్రహం నుంచి నేరుగా పల్లెలకి టీవీ ప్రసారాలు. ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలు, అందులో మన ఆంధ్రప్రదేశ్ పల్లెలు కూడా ఉన్నాయి. కోళ్ళ గూటికి కట్టే వైరు మెష్ లాంటిదానితో చేసిన పెద్ద డిష్, దాని కింద సిగ్నల్‌ని మార్చే పెట్టె, ఊరందరికీ కలిపి ఒక టీవీ. టీవీ పక్కన పెట్టె పెట్టడం తెలుగు పల్లెలకి అలా పరిచయమైంది.

సరిగ్గా ఏడాది. 1976 జులై 31తో ప్రయోగం అయిపోయింది, ఉపగ్రహాన్ని నాసా వెనక్కి జరిపేసుకుంది. డిష్ ఉంది, పెట్టె ఉంది, టీవీ ఉంది. పైనుంచి వచ్చేది ఆగిపోయింది. ఇది గుర్తుపెట్టుకోండి, ఈ కథ మళ్ళీ మళ్ళీ వస్తుంది.

తర్వాత దూరదర్శన్ రోజులు. 1982లో రంగుల టీవీ వచ్చింది. 1987 జనవరిలో రామాయణం సీరియల్ మొదలయ్యాక ఆదివారం పొద్దున్న వీధులు ఖాళీ. అప్పుడు టీవీ కింద డబ్బా లేదు, ఇంటి మీద యాంటెన్నా ఉండేది. బొమ్మ సరిగ్గా రాకపోతే ఒకరు పైకెక్కి తిప్పాలి, కిందనుంచి ఇంకొకరు "వచ్చింది, వచ్చింది, ఆపు" అని అరవాలి.

అదే కాలంలో ఇంకో పెట్టె వచ్చింది: వీసీఆర్. దాని తమ్ముడు వీసీపీ. కొనే స్తోమత కొద్దిమందికే. మిగతావాళ్ళు టీవీతో సహా ఒక రాత్రికి అద్దెకి తెచ్చుకునేవాళ్ళు. నా దృష్టిలో మీడియా సర్వర్‌కి అసలైన తాతగారు ఈ వీసీఆరే. ఎందుకంటే మనింటి పెళ్ళిని మనింట్లో, మనకి నచ్చినప్పుడు చూపించిన మొదటి పెట్టె అది. ఎవరి పర్మిషనూ అక్కర్లేదు, నెలవారీ డబ్బులు లేవు. క్యాసెట్ పెడితే చాలు, బొమ్మ వస్తుంది. కాకపోతే క్యాసెట్‌కి బూజు పడుతుంది, టేపు నలుగుతుంది. ఇప్పటికీ చాలా ఇళ్ళ అటకల మీద ఆ నల్ల క్యాసెట్లు ఉన్నాయి, ఆడించే మిషన్ మాత్రం లేదు. బొమ్మ బతికే ఉంది, చూపించే డబ్బా పోయింది. ఇది రెండో పాఠం.

1995లో జెమిని, ఈటీవీ వచ్చాయి. వీధికో కేబుల్ ఆపరేటర్. వైరు నేరుగా టీవీ వెనకాల గుచ్చేస్తే అయిపోయేది, డబ్బా అక్కర్లేదు. 2003లో డిష్ టీవీ, 2006లో టాటా స్కై, ఆ తర్వాత సన్ డైరెక్ట్. ఇక్కణ్ణుంచి డబ్బాకి తాళం పడింది. లోపల ఒక కార్డు, ఆ కార్డుకి ఒక నంబరు, ఆ నంబరుకి రీచార్జ్. రీచార్జ్ అయిపోతే తెర మీద మెసేజ్ ఒక్కటే మిగులుతుంది. కంపెనీ మారితే ఆ డబ్బా అటక మీదకే.

నిజానికి రూల్ అలా లేదండి. 2001లో కేంద్రం డీటీహెచ్‌కి ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఒక కంపెనీ డబ్బా ఇంకో కంపెనీకి పనికొచ్చేలా ఉండాలని రాశారు. ఆచరణలో సామాన్యుడికి అది దక్కలేదు. 2020 ఏప్రిల్‌లో ట్రాయ్ మళ్ళీ సిఫార్సు చేయాల్సి వచ్చింది, సెట్ టాప్ బాక్సులన్నీ ఏ కంపెనీకైనా పనిచేసేలా ఉండాలని. పంతొమ్మిదేళ్ళ తర్వాత అదే మాట మళ్ళీ చెప్పారంటే మధ్యలో ఏం జరిగిందో మీరే అర్థం చేసుకోండి.

వీటిమధ్య ఒక మినహాయింపు ఉంది. 2004 డిసెంబర్‌లో దూరదర్శన్ 'డీడీ డైరెక్ట్ ప్లస్' మొదలుపెట్టింది, ఇప్పుడు మనం డీడీ ఫ్రీ డిష్ అంటున్నది అదే. బజార్లో డిష్షూ డబ్బా ఒకసారి కొనుక్కుంటే చాలు, నెలనెలా కట్టేదేం లేదు. కొన్నవాడిదే డబ్బా.

కేబుల్‌కి కూడా తాళం వచ్చింది. 2011లో చట్టం సవరించి డిజిటల్ బాక్స్ తప్పనిసరి చేశారు. ముందు మహానగరాలు, తర్వాత హైదరాబాద్, విశాఖ లాంటి పెద్ద నగరాలు. మూడో దశలో మన సామర్లకోట లాంటి మున్సిపాలిటీలు, గడువు 2015 డిసెంబర్ 31. పల్లెలకి నాలుగో దశ, చివరికి 2017 మార్చి దాకా సాగింది. బొమ్మ క్వాలిటీ పెరిగింది, నిజమే. కానీ ఏ డబ్బా అని అడిగే అవకాశం మాత్రం లేదు. కేబులాయన ఏది తెస్తే అదే.

అదే ఊపులో మన గోదావరి జిల్లా ఒక కొత్త ప్రయోగానికి ముందు నిలబడింది. కోనసీమలో సఖినేటిపల్లి దగ్గర మోరి అనే ఊళ్ళో 2016 డిసెంబర్‌లో ఇంటింటికీ ఫైబర్ ఇచ్చారు. ఏడాదికి, 2017 డిసెంబర్ 27న, అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్ గ్రిడ్‌ని ప్రారంభించారు. నెలకి 149 రూపాయల నుంచి టీవీ, ఇంటర్నెట్, ఫోన్ మూడూ. భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా కేబుల్ లాగారు కాబట్టే అంత చవగ్గా, అంత త్వరగా అయ్యింది. చాలా ఇళ్ళకి మొదటి వైఫై దాంతోనే వచ్చింది. ఆ డబ్బా కూడా ఆ నెట్‌వర్క్ కోసం చేసిందే.

ఇప్పుడు ఒకసారి సముద్రం దాటి వెళ్దాం, ఎందుకంటే తాళం తీసిన కథ అక్కడ జరిగింది. 2001 చివర్లో మైక్రోసాఫ్ట్ 'ఎక్స్‌బాక్స్' అనే ఆటల మిషన్ అమ్మింది. 2002కల్లా కొందరు సరదారాయుళ్ళు దాని తాళం విప్పి, వీడియోలు ఆడించే ప్రోగ్రామ్ రాసేశారు. అది పెరిగి పెరిగి ఎక్స్‌బీఎంసీ అయ్యింది. 2014లో దాని పేరు 'కోడి' అని మార్చారు. దాని కోడ్ నుంచే 'ప్లెక్స్' పుట్టింది. 2018 డిసెంబర్‌లో 'ఎంబీ' అనే సర్వర్ ప్రోగ్రామ్ కోడ్‌ని మూసేస్తే, పాత కోడ్ తీసుకుని కొందరు 'జెల్లీఫిన్' మొదలుపెట్టారు, ఉచితంగా, అందరికీ తెరిచి. ఈరోజు మీ పాత కంప్యూటర్‌ని సర్వర్ చేసే పేర్లన్నీ ఇలా వచ్చినవే. ప్రతిసారీ ఎవరో తలుపు మూశారు, ఇంకెవరో పక్కనుంచి తెరిచారు.

అయితే తాళాలు పోలేదు సుమా. 2025 మార్చిలో రెండో తరం క్రోమ్‌కాస్ట్‌లు ప్రపంచమంతా ఒక్కసారిగా పనిచేయడం మానేశాయి. కారణం? లోపల ఉన్న ఒక డిజిటల్ సర్టిఫికెట్‌కి గడువు తీరిపోయింది. గూగుల్ కొద్దిరోజుల్లో సరిచేసింది, అది వేరే సంగతి. కానీ డబ్బులిచ్చి కొన్న వస్తువు, ఎక్కడో ఉన్న తేదీ వల్ల ఆగింది. అదే ఏడాది అమెజాన్ 'వేగా' అనే కొత్త సాఫ్ట్‌వేర్‌తో ఫైర్ స్టిక్ తెచ్చింది. అందులో అమెజాన్ స్టోర్‌లో లేని యాప్ మనం బయటినుంచి తెచ్చి వేసుకోలేం. పేరు అదే ఫైర్ స్టిక్, లోపల తలుపు మాత్రం మూసుకుంది.

సరే, ఈ చరిత్ర చెప్పే పరీక్షలు ఇప్పుడు చూద్దాం. డబ్బా కొనేముందు, కొన్న వారంలోపు ఇవి చేయండి.

మొదటిది, సైట్ పరీక్ష. రౌటర్ ఆన్‌లోనే ఉంచి, బయటినుంచి వచ్చే ఇంటర్నెట్ వైరు మాత్రం పీకేయండి. ఇప్పుడు మీ సర్వర్‌లో ఉన్న పెళ్ళి వీడియో టీవీలో ఆడిందా? ఆడితే డబ్బా మీదే. "సైన్ ఇన్ అవ్వండి" అని నిలబడిపోతే తాళం ఇంకొకరి దగ్గర ఉన్నట్టే. ఇది ఊరికే చెప్పట్లేదు. మనది తుఫాన్ల తీరం. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ విశాఖని ఏం చేసిందో, 2025 అక్టోబర్‌లో మొంథా మన కాకినాడ తీరాన్ని ఎలా వణికించిందో తెలుసు. స్తంభం పడితే దాని మీదున్న ఫైబరూ పడుతుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే, ఆ రాత్రి పిల్లలకి బొమ్మ చూపించేది మీ సర్వరే. కోడి, జెల్లీఫిన్ అయితే బయటి ఖాతా అక్కర్లేదు. ప్లెక్స్ అయితే ఇంటర్నెట్ లేకుండా నడిచే సెట్టింగ్ ముందే చూసుకోండి.

రెండోది, గేజ్ పరీక్ష. మనది జంక్షన్ ఊరు కదా, ఇది తేలిగ్గా అర్థమవుతుంది. మీటర్ గేజ్ లైన్లు ఉన్న రోజుల్లో, బ్రాడ్ గేజ్ వచ్చి కలిసే చోట సరుకంతా ఒక బండిలోంచి దించి ఇంకో బండిలోకి ఎక్కించాలి. వీడియో ఫైళ్ళకీ గేజులున్నాయి: హెచ్.264, హెచ్‌ఈవీసీ, ఏవీ1. మీ డబ్బాకి ఆ గేజ్ తెలిస్తే ఫైల్ ఉన్నది ఉన్నట్టు వచ్చి ఆడుతుంది, సర్వర్‌కి శ్రమ లేదు. తెలియకపోతే సర్వర్ అప్పటికప్పుడు దించి ఎక్కించాలి. పాత కంప్యూటర్‌కి అది ప్రాణం మీదకొస్తుంది, బొమ్మ ఆగి ఆగి వస్తుంది. ఇప్పటి ఫోన్లు చాలావరకు హెచ్‌ఈవీసీలో తీయగలవు, కాబట్టి అది తప్పనిసరి. ఏవీ1 ఉంటే ఇంకా మంచిది.

మూడోది, తెలుగు పరీక్ష. తెలుగు సబ్‌టైటిల్ ఒకటి పెట్టి చూడండి. ఒత్తులు, గుణింతాలు సరిగ్గా పడుతున్నాయా, లేక గళ్ళు గళ్ళుగా వస్తున్నాయా? రివ్యూల్లో ఇది ఎవరూ చెప్పరు, మనమే చూసుకోవాలి.

నాలుగోది, వైరు. వీలైతే రౌటర్ నుంచి డబ్బాకి వైరే లాగండి. అయితే చవక డబ్బాల్లో ఆ పోర్ట్ సెకనుకి 100 మెగాబిట్‌ల దగ్గరే ఆగిపోతుంది. ఇంటి వీడియోలకి అది ధారాళంగా సరిపోతుంది. పెద్ద 4కె ఫైళ్ళకి మాత్రం చాలకపోవచ్చు, అప్పుడు గిగాబిట్ పోర్ట్ ఉన్నది చూడండి.

ఐదోది, చవక మోజు. పేరూ ఊరూ లేని ఆండ్రాయిడ్ డబ్బాలు ఆన్‌లైన్‌లో కుప్పలు. వాటిలో కొన్ని ఫ్యాక్టరీలోనే వైరస్‌తో వస్తున్నాయని 2023లో బయటపడింది. 2025 జూన్‌లో అమెరికా ఎఫ్‌బీఐ కూడా 'బ్యాడ్‌బాక్స్' పేరుతో దీని మీద హెచ్చరించింది. పైగా సరైన గుర్తింపు లేని డబ్బాల్లో నెట్‌ఫ్లిక్స్ లాంటివి హెచ్‌డీలో రావు. మీ ఇంటి ఫొటోలున్న నెట్‌వర్క్‌లోకి అలాంటి అతిథిని పిలవకండి.

మరి ఏం కొనాలి? ముందు ఖర్చు లేకుండా, మీ స్మార్ట్ టీవీలోనే జెల్లీఫిన్ గానీ ప్లెక్స్ గానీ యాప్ దొరుకుతుందేమో చూడండి. పై పరీక్షలు నెగ్గితే డబ్బాయే అక్కర్లేదు. నెగ్గకపోతే, ఇంట్లో ఓటీటీలు కూడా చూస్తారు కాబట్టి, గూగుల్ గుర్తింపు ఉన్న, వైరు పోర్ట్ ఉన్న బాక్స్ చాలామందికి సరిపోతుంది. తాళం పూర్తిగా మన దగ్గరే ఉండాలి అనేవాళ్ళకి రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న కంప్యూటర్ మీద కోడి. టీవీ రిమోట్‌తోనే నడిచేలా పెట్టుకోవచ్చు, అమ్మమ్మకి ఇంకో రిమోట్ అలవాటు చేసే బాధ ఉండదు. కాకపోతే ఓటీటీలకి అది అంత అనువు కాదు.

చివరగా వీసీఆర్ చెప్పిన మాట. ఏ డబ్బా అయినా కొన్నేళ్ళే, క్యాసెట్ మిషన్‌లా అదీ పోతుంది. పోయిన డబ్బా మళ్ళీ కొనొచ్చు, పోయిన పెళ్ళి వీడియో కొనలేం. కాబట్టి కొత్త డబ్బా ఆర్డర్ పెట్టేముందు రెండు పనులు చేయండి. సర్వర్‌లో ఉన్నదంతా ఇంకో హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి వేరే ఇంట్లో పెట్టండి. అటక మీద క్యాసెట్లు ఉంటే ఈ నెలలోనే దించి, వీడియో షాపులో అడిగి ఫైళ్ళుగా మార్పించండి, బూజు ఎవరి కోసమూ ఆగదు.

మీ ఇంట్లో మొదటి డబ్బా ఏది, అది ఎవరు తెచ్చారు? పెద్దవాళ్ళని అడిగి కింద రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి.