సగటు నుంచి వెనక్కి

హైస్కూలు లెక్కల్లో ఇది గుర్తుందా? ఐదుగురి సగటు వయసు 30. ఒకరు వెళ్ళిపోయాక మిగిలిన నలుగురి సగటు 28. వెళ్ళినవారి వయసెంత? 150 లోంచి 112 తీసేస్తే 38. సగటు చాటున దాక్కున్న మనిషి దొరికిపోయాడన్నమాట.

అమెరికా సెన్సస్ బ్యూరోకి తలనొప్పి తెచ్చింది ఇలాంటి లెక్కే. విడివిడిగా ఎవరి వివరాలూ బయటపెట్టకూడదని చట్టం. అందుకని పట్టికలు మాత్రమే వేస్తారు: ఫలానా బ్లాకులో ఏ వయసువాళ్ళు ఎందరు, ఇంటికి సగటున ఎందరు, ఇలా. బ్లాకులో మనవాళ్ళ ఇల్లు ఒక్కటే ఉంటే ‘ఏషియన్’ గడిలో అంకె ఎవరిదో వేరే చెప్పాలా!

ఒకే డేటా మీద కచ్చితమైన జవాబులు మరీ ఎక్కువ చెబితే మొత్తం డేటానే తిరిగి రాబట్టొచ్చని 2003లో ఇరిట్ దినూర్, కోబీ నిసిమ్ నిరూపించారు. తర్వాత బ్యూరో తన 2010 పట్టికల మీదే ప్రయోగం చేసింది. దాని లెక్క ప్రకారం 30.87 కోట్ల మందిలో 46 శాతం మంది బ్లాకు, వయసు, జాతి వగైరా ఉన్నవున్నట్టు వచ్చేశాయి. అందుకే 2020లో బ్లాకుల అంకెలకి కావాలనే కాస్త తేడా కలిపారు. అంకెలు పాడుచేశారంటూ 2021లో అలబామా రాష్ట్రం కోర్టుకెక్కింది. నాకైతే ఆ తేడా ఉండటమే నయమనిపిస్తుంది.

వయసు తెలిస్తే కొంపమునిగిందా అంటారేమో. 1942లో జపాన్ మూలాలవాళ్ళు ఎక్కడెక్కడున్నారో సైన్యానికి బ్లాకులవారీ పట్టికలిచ్చింది ఈ బ్యూరోనే. అందులో పేర్లు లేవు. సుమారు 1,20,000 మందిని శిబిరాల్లో పెట్టారు. 2000లో బ్యూరో డైరెక్టర్ కెనెత్ ప్రూయిట్ క్షమాపణ చెప్పాడు. 1943లో వాషింగ్టన్ ప్రాంతంలోని వాళ్ళ పేర్లు కూడా సీక్రెట్ సర్వీసుకి ఇచ్చారని 2007లో గాని బయటపడలేదు.