పులి లేని దేశమున పుట్టిన తుపాకి

మన పెద్దవంగరలో పశువునకు సూది వేయించుట పెద్ద ప్రయాస కాదు. కొమ్ములు పట్టువాడొకడు, తోక పట్టువాడొకడు దొరికినచో పశువుల దవాఖానవారి పని తీరిపోవును. గొల్లకురుమలు గొఱ్ఱెను మోకాళ్ళనడుమ నదిమిపట్టి మందు పోయుదురు. చేతికందని జంతువునకు మందిచ్చుట యెట్లను ప్రశ్న మన కంతగా పుట్టలేదు. నేనిప్పుడు నివసించుచున్న న్యూజిలాండునకు మాత్ర మా ప్రశ్నను దాని చరిత్రయే తెచ్చిపెట్టినది.

మనుష్యుడు రాకపూర్వ మీ ద్వీపములలో గబ్బిలములు తప్ప నేలమీది క్షీరదములు లేకుండెను. పందొమ్మిదవ శతాబ్దమున ఆంగ్లేయ వలసదారులు వేటవినోదమునకై ఎఱ్ఱజింకలను తెచ్చిరి. 1904లో బెడ్‌ఫర్డు ప్రభువు కానుకగా నిచ్చిన హిమాలయపు థార్ మేకలు మౌంట్ కుక్ ప్రాంతమున విడువబడెను. వాటిని వేటాడు పెద్ద మృగమేదియు లేని యీ చోట నవి విచ్చలవిడిగా పెరిగి, లేమొలకలను మేసి, కొండచఱియలను బోడిచేయగా, 1930 మొదలు ప్రభుత్వమే జీతమిచ్చి వేటగాండ్రచేత జింకలను చంపింపసాగెను.

దక్షిణద్వీపమందలి తిమారు పట్టణమున మందుల దుకాణదారుడును పశువైద్యుడును అగు కాలిన్ మర్డాక్ (1929–2008) అను నాతడు, ఒకే గాజు సిరంజితో పెక్కు పశువులకు సూది వేసినచో రోగము ప్రాకునని తలపోసి, ఒక్కమారు వాడి పారవేయదగిన ప్లాస్టిక్ సిరంజిని కల్పించి 1956లో పేటెంటు పొందెను. అడవి మేకలను పరిశీలించు పనిలో నుండి, వాటిని చంపకయు, తఱిమి యలయింపకయు పట్టు నుపాయము నారసి, మత్తుమందు నింపిన సిరంజినే గుండుగా నెగురవేయు తుపాకిని ఆ దశకముననే నిర్మించెను. ఇంచుమించు ఆ కాలముననే అమెరికాలోని జార్జియాయందును జింకలను పట్టుటకై యిట్టి సాధనమే సిద్ధమైనది.

ఇట్టి సూదులలో నొక రకమున సూదిప్రక్కనున్న రంధ్రమును రబ్బరు తొడుగు కప్పియుండును. సూది కండలో దిగగానే తొడుగు వెనుకకు జరుగును, వెనుక బిగించిన గాలి మందును లోనికి నెట్టును. గుఱి భుజముననో తొడయందో పెట్టవలెను. జంతువు బరువును చూపుతోనే అంచనాకట్టి మందు కొలవవలెను. మోతాదు తక్కువైనచో మృగము లేచి పాఱును, మించినచో ప్రాణమే పోవచ్చును.

1969లో జింకల పెంపకమునకు చట్టసమ్మతి లభింపగా, తరువాతి దశకమున హెలికాప్టరులనుండి మత్తుసూదులు, వలలు విసరి అడవిజింకలను ప్రాణములతో పట్టి పొలములకు చేర్చిరి. నిన్నటి పీడ రైతునకు సొత్తైనది.

పులియు చిరుతయు లేని దేశపు కొండమేకలకై పుట్టిన యీ సాధనము నేడు మనకును అక్కఱకు వచ్చుచున్నది. 2020 జనవరిలో షాద్‌నగరున ఇంటిమీదికెక్కిన చిరుతను మత్తుసూదితోనే పట్టిరి. అయితే సూది తగిలిన మృగము వెంటనే కూలదు. కొన్ని నిమిషములు పట్టును, బెదరినచో మందు మఱింత ఆలస్యముగా పనిచేయును. కావున కేకలు వేయక, రాళ్ళు రువ్వక, సెల్‌ఫోనులతో మీదపడక దూరముగా నిలుచుటయే ఊరివారు వైద్యునకు చేయగల సాయము.