నడక ఒక్కటే చాలదు: పెద్ద వయసు మహిళలకు కండర బలం

ఛత్తీస్‌గఢ్‌లోని దుర్గ్ జిల్లాలో భిలాయ్ ఉక్కు కర్మాగారం నిర్మాణానికి 1955లో భారత్, సోవియట్ యూనియన్ మధ్య ఒప్పందం కుదిరింది. తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఉద్యోగాల కోసం అక్కడికి చేరిన కుటుంబాల్లో తెలుగువారు చాలామంది ఉన్నారు. 1970లలో పెళ్లై భర్త వెంట సెక్టార్ క్వార్టర్‌కు వచ్చిన మహిళ ఇప్పుడు 70 దాటి ఉంటుంది. పిల్లలు హైదరాబాద్‌కో, బెంగళూరుకో, విదేశాలకో వెళ్లిపోయిన ఇళ్లలో దంపతులిద్దరే, లేదా ఆమె ఒక్కతే మిగులుతోంది. ఎవరి సాయం లేకుండా ఆమె ఎంతకాలం తన పనులు చేసుకోగలదన్నది బీపీ, షుగర్‌తో పాటు కండరాల బలం మీద కూడా ఆధారపడి ఉంటుంది.

వయసుతో పోయేది ఏమిటి?

వయసు పెరిగేకొద్దీ కండరాల పరిమాణం, బలం తగ్గడాన్ని వైద్యులు సార్కోపీనియా అంటారు. ఈ పేరును 1989లో అమెరికా వైద్యుడు ఇర్విన్ రోజెన్‌బర్గ్ ప్రతిపాదించారు. కండరం తరిగే వేగం కన్నా బలం తగ్గే వేగం ఎక్కువ. ముఖ్యంగా చురుగ్గా స్పందించే కండర తంతువులు ముందుగా క్షీణిస్తాయి. కాలు జారినప్పుడు క్షణంలో అడుగు వేసి నిలదొక్కుకునేలా చేసేవి అవే.

మహిళల్లో దీనికి ఎముకల నష్టం తోడవుతుంది. నెలసరి ఆగిపోయాక ఈస్ట్రోజెన్ తగ్గడంతో మొదటి కొన్నేళ్లలో ఎముక సాంద్రత వేగంగా పడిపోతుంది. కండరం బలహీనపడితే పడిపోవడం, ఎముక బలహీనపడితే విరగడం. తుంటి ఎముక విరిగిన పెద్దవారిలో చాలామంది మళ్లీ మునుపటిలా నడవలేకపోతున్నారు.

ఇంటిపని సరిపోదా?

‘రోజంతా పని చేస్తూనే ఉన్నాం కదా’ అనేది తరచూ వినిపించే మాట. ఒకప్పటి ఇంటిపనిలో నేల మీద కూర్చుని లేవడం, రుబ్బురోలు తిప్పడం, నీళ్లు తోడి మోయడం ఉండేవి. ఇప్పుడు గ్యాస్ పొయ్యి గట్టు మీదకు చేరింది. రోలు స్థానంలో మిక్సీ వచ్చింది. కమోడ్ వచ్చాక గొంతుకూర్చునే అవసరమూ తగ్గింది. ఈ మార్పులు నొప్పులున్న వారికి మేలే చేశాయి కానీ, తొడలకు, నడుముకు తెలియకుండానే దొరికే వ్యాయామం పోయింది. మిగిలిన పనులు అలసట తెప్పిస్తాయి తప్ప బలం పెంచవు. ఎందుకంటే ఆ బరువులకు కండరం ఎప్పుడో అలవాటు పడింది.

నడకదీ ఇదే పరిమితి. గుండెకు, షుగర్ అదుపుకు అది మంచిది, మానకూడదు. అయితే కండరం పెరగాలంటే అలవాటైన దానికన్నా ఎక్కువ బరువుకు ఎదురు పనిచేయాలి, ఆ బరువును క్రమంగా పెంచుతూ పోవాలి. దీన్నే రెసిస్టెన్స్ ట్రైనింగ్ అంటారు.

పరిశోధనలు చెప్పేది

ఈ వయసులో బలం పెరుగుతుందా అన్న సందేహానికి 1990లోనే జవాబు దొరికింది. అమెరికాలోని బోస్టన్‌లో మరియా ఫియాటరోన్ బృందం సగటున 90 ఏళ్ల వయసున్న, వృద్ధాశ్రమంలో ఉంటున్న 10 మందితో 8 వారాల పాటు కాళ్లతో బరువులు ఎత్తించింది. శిక్షణ పూర్తిచేసిన వారి కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. 1994లో అదే నగరంలో మిరియం నెల్సన్ బృందం 50 నుంచి 70 ఏళ్ల మహిళలతో ఏడాదిపాటు వారానికి రెండు రోజులు బరువుల వ్యాయామం చేయించింది. వారి ఎముక సాంద్రత నిలిచింది, కొద్దిగా పెరిగింది కూడా. చేయని వారిలో తగ్గింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు 65 ఏళ్లు దాటినవారికి నడక వంటి వ్యాయామం వారానికి కనీసం 150 నిమిషాలు, కండరాలకు బలమిచ్చే వ్యాయామం కనీసం రెండు రోజులు, శరీరం తూలకుండా నిలిపే సాధన మూడు రోజులు ఉండాలని చెబుతున్నాయి.

బరువులు ఆడవాళ్లకు కావన్న అపోహ తెలుగు ఇళ్లలో నిలవకూడదు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళగా నిలిచిన కరణం మల్లీశ్వరి తెలుగు బిడ్డే.

ఎలా మొదలుపెట్టాలి?

ఏప్రిల్, మే నెలల్లో భిలాయ్ ఎండలు 40 డిగ్రీలు దాటుతాయి, నడక ఆగిపోతుంది. ఈ వ్యాయామం మాత్రం ఇంట్లోనే చేసుకోవచ్చు. కుర్చీలో కూర్చుని లేవడం, గోడకు చేతులు ఆనించి తోయడం, గట్టు పట్టుకుని మడమలు ఎత్తడం, ఒక మెట్టు ఎక్కి దిగడం, సాగే రబ్బరు బ్యాండును ఛాతీ వైపు లాగడం. ఒక్కొక్కటి 8 నుంచి 12 సార్లు, కాసేపు ఆగి మరోసారి. వారంలో రెండు మూడు రోజులు, మధ్యలో ఒక రోజు విరామం ఇవ్వాలి. 12 సార్లు తేలిగ్గా చేయగలిగితే చేతిలో నీళ్ల సీసానో చిన్న డంబెల్‌నో పట్టుకుని బరువు పెంచాలి.

ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు, బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది. మోకాళ్ల అరుగుదల ఉన్నవారికీ తొడ కండరాల వ్యాయామం చికిత్సలో భాగమే. నొప్పి ఎక్కువైతే బరువు తగ్గించాలి. గుండె జబ్బు, అదుపులో లేని బీపీ, ఇటీవల జరిగిన ఆపరేషన్, ఎముకల గుల్లబారుదల ఉంటే ముందు వైద్యుడినో ఫిజియోథెరపిస్టునో అడగాలి. ఎముకలు గుల్లబారినవారు నడుము వంచి బరువులు ఎత్తకూడదు.

తిండి కూడా కుదరాలి. అన్నం, పచ్చడి, మజ్జిగతో పూట గడిపేస్తే కండరానికి ముడిసరుకు అందదు. పప్పు, పెరుగు, సెనగలు, గుడ్డు, చేప వంటివి ప్రతి పూటా ఉండాలి. కిడ్నీ జబ్బు ఉన్నవారు మాంసకృత్తుల మోతాదును వైద్యుడి సలహాతోనే మార్చుకోవాలి.

బలం ఎంత ఉందో తెలుసుకోవడానికి తేలికైన పరీక్ష ఒకటి ఉంది. చేతులు ఛాతీ మీద కట్టుకుని కుర్చీలోంచి వరుసగా ఐదుసార్లు లేచి కూర్చోవాలి. తూలే భయం ఉంటే పక్కన ఒకరు నిలబడాలి. 12 సెకన్లు, అంతకన్నా ఎక్కువ పడితే కండరాల బలహీనతను అనుమానించాలని 2019 నాటి ఆసియా నిపుణుల బృందం సూచించింది. ఈ రోజు పట్టిన సమయాన్ని క్యాలెండర్ మీద రాసుకుని, మూడు నెలల తర్వాత మళ్లీ చూసుకుంటే తేడా తెలుస్తుంది.