నీలిమందు నీడలు

తెనాలి వైపు వెళ్లే ప్యాసింజరు బెజవాడ వదిలి కృష్ణ మీదికి ఎక్కింది. ధనుర్మాసం. ఇంకా ఆరున్నర కాలేదు. కిటికీ పక్క చోటు మీదే. షట్టరు పైకెత్తితే మొహాన చలి కొడుతుంది, కొట్టనివ్వండి. మామూలు రోజుల్లో ఇక్కణ్ణుంచి ప్రకాశం బ్యారేజీ గేట్లు, మొత్తం డెబ్బై, బారుగా కనిపిస్తాయి. ఇవాళ లెక్కపెడితే నాలుగో ఐదో. నది ఎక్కడ ఆగిందో, ఆకాశం ఎక్కడ మొదలైందో ఆనవాలు లేదు. వంతెన ఇనుప కమ్ములు ఒక్కొక్కటే ఎదురొచ్చి వెనక్కి పోతుంటే, కింద ఎక్కడో పడవ మోటారు చప్పుడు.

అంతా తెలుపే కదా అనకండి. కాసేపు చూడండి. బ్యారేజీ వైపు బూడిదలో కొంచెం ఊదా కలిసింది. తూరుపున వారధి వైపు మాత్రం పాలలో చిటికెడు పసుపు వేసినట్టుంది. నా ఒళ్లో రంగుల పెట్టె ఉంది గానీ, ఈ కుదుపుల్లో తెరిచేది లేదు. దుగ్గిరాలలో దిగుదాం.

మనకు మంచు ఒక్కటే మాట. కొండల మీద కురిసేదీ మంచే, చేల మీద కమ్మేదీ మంచే, గడ్డిపోచ మీద నిలిచేదీ మంచే. చిత్రం వేసేవాడికి ఈ కలగలుపు బాగానే కలిసొస్తుంది.

పెదవడ్లపూడి దాటింది. కోసిన చేలల్లో వరి మోళ్లు, వాటి మధ్య కోతకు ముందే చల్లిన మినుము, రెండేసి ఆకులతో. కుప్పలకు అంచులు లేవు. ఈ చుట్టుపక్కలే తుమ్మపూడి, సంజీవదేవ్ ఊరు. 1914లో పుట్టిన ఆయన కుర్రతనంలో హిమాలయాలు తిరిగాడు. కులూ లోయలో నికొలస్ రోరిక్ దగ్గర ఉన్నాడు. రోరిక్ అంటే మంచుకొండల్ని బొమ్మ కట్టినవాడు. అసలైన మంచుని అంత దగ్గర చూసిన మనిషి, ఈ డెల్టా పల్లెకు తిరిగొచ్చి, 1999లో పోయేదాకా రాసుకుంటూ, ప్రకృతి దృశ్యాలు వేసుకుంటూ ఇక్కడే గడిపాడు. ఆయన్ను చూసి నాకు కలిగే అసూయ రంగుల గురించి కాదు, తీరిక గురించి.

దుగ్గిరాల. లాకుల పక్కనుంచి కాలువగట్టు పట్టుకుని నడుద్దాం. చెప్పులకు తడిమట్టి అంటుకుంటోంది. ఏడుంబావుకి సూర్యుడు వచ్చాడు గానీ ఇంకా గుడ్డు సొనలా ఉన్నాడు, తేరిపార చూడొచ్చు. రేవులో బండ మీద గుడ్డల చప్పుడు. ఆ చప్పుడికి అర క్షణం తర్వాత అవతలి గట్టునుంచి ఇంకో చప్పుడు.

మనం వచ్చింది రేవు పక్కన కట్టిన ఆ దండెం కోసం. రెండు పేటలు మెలేసిన తాడు. మెలిక విప్పి పంచె కొన దోపితే చాలు, క్లిప్పుతో పనిలేదు. ఏడెనిమిది తెల్ల పంచెలు, రెండు దుప్పట్లు. గంజి పెట్టినవి కాబట్టి గాలికి ఊగవు, బిగుసుకుని నిలబడతాయి. గట్టు మీది తుమ్మకొమ్మ నీడ మొదటి పంచె మీద అడ్డంగా పడుతోంది. మీ చెయ్యి గొట్టంలా చుట్టి ఒక కంటికి ఆనించి, ఆ నీడ ఒక్కటే కనబడేట్టు చూడండి. నలుపా అది? బూడిదా? కాదు, నీలం.

ఎండ తగలని చోటికి వెలుగు వేరే దారిన వస్తుంది, పైనున్న ఆకాశం నుంచి. మంచు విడిపోతున్న కొద్దీ అది నీలమవుతోంది. ఎండేమో ఈ వేళప్పుడు నారింజ, నీలానికి ఎదుటి రంగు. ఒక రంగు తన పక్కదాన్ని ఎదుటి రంగు వైపు నెడుతుందని 1839లో పుస్తకం రాసిన షెవ్రూల్, పారిస్‌లో గోబెలిన్ నేతశాల అద్దకాలు చూసుకునే రసాయన శాస్త్రవేత్త. దారం నలుపు సరిగా తేలడం లేదన్న ఫిర్యాదుతో మొదలైంది ఆయన వెతుకులాట.

1868-69 చలికాలంలో నార్మండీ తీరాన ఎత్రెతా దగ్గర చిత్రకారుడు క్లాద్ మోనె చేసింది ఈ పనే, నీడను నీలంగా వేయడం. ఆ బొమ్మలో మంచు కప్పిన తోట, తడిక కంచె, కర్ర గేటు మీద నలుపు తెలుపుల పిట్ట ఒకటి. ఎండ కంచె వెనకనుంచి వస్తుంది, నీడలు మన వైపు పడతాయి, నీలంగా. 130 సెంటీమీటర్ల వెడల్పు, 89 ఎత్తు. 1869 సలోన్ ప్రదర్శన వారు దాన్ని వద్దన్నారు. ఇప్పుడది పారిస్‌లో ఓర్సే మ్యూజియంలో ఉంది. ఆయనకు తెల్లరంగు ట్యూబులో దొరికేది. నీటిరంగుల వాడికి ఆ సుఖం లేదు. కాగితమే తెలుపు. ముట్టుకోకుండా వదిలిందే ఎండ.

అందుకని పంచెను వదిలేసి, నీడ ఒక్కటే వేస్తున్నాను. ఫ్రెంచ్ అల్ట్రామెరీన్. ఒకప్పుడు ఆ నీలం ఆఫ్ఘనిస్తాన్ కొండల్లోని లాజవర్ద రాయి నూరితేనే వచ్చేది, బంగారంతో సమానం. దాన్ని కృత్రిమంగా చేసినవాడికి ఆరు వేల ఫ్రాంకులని 1824లో ఫ్రాన్సులో బహుమతి ప్రకటిస్తే, నాలుగేళ్లకు గీమే అనే ఆయన గెలుచుకున్నాడు. తెల్లమట్టి, సోడా, గంధకం కలిపి కాల్చడమే కిటుకు. చవకబడిన ఆ నీలం చిత్రకారుల పళ్లేల్లోకి వెళ్లింది, చాకిరేవుకీ వెళ్లింది. మన నీలిమందు పొడి అదే. ఉతికి ఉతికి పచ్చబారిన బట్టకు కాస్త నీలం తగిలితే కన్ను తెలుపనుకుంటుంది.

మంచుకి కాగితం ఆరడం లేదు. పూత అంచులు పాకుతున్నాయి. వెనక ఎవరో నిలబడ్డారు. బకెట్టు చంకన పెట్టుకున్న పెద్దామె.

"ఏందబ్బాయ్, ఉతికిన పంచెకి మరక పెట్టావు?"

"మరక కాదమ్మా, నీడ. కొమ్మ నీడ."

"నీడ నల్లగా గదా ఉండేది?"

చెయ్యి గొట్టంలా ఎలా చుట్టాలో మీరే చూపించండి. ఆమె చేతులు నానిపోయి, వేళ్ల కొసలు ముడతలు పడి ఉన్నాయి. కంటికి ఆనించుకుని పంచె వైపు తిరిగింది. చాలాసేపు చూసింది.

"నీలమే," అంది. తర్వాత నా కాగితం మీదికి వంగింది. పూత ఆరేచోట నీలం పలుకులుగా విడిపోయి, కాగితం గుంటల్లో దిగింది. ఆ రంగు స్వభావమే అంత, ఇసుకలా అడుగుకు చేరుతుంది.

"ఇదిగో, ఇక్కడ చుక్కలు తేలినయ్యి. మందు ఊరికే నీళ్లల్లో పొయ్యగూడదు అబ్బాయ్. పల్చటి గుడ్డలో మూటగట్టి, నీళ్లల్లో ముంచి పిండాల."

బకెట్టు కింద పెట్టి, తడి వేళ్లతో గాల్లోనే ఒకసారి పిండి చూపించింది.