మిత్రునికై మార్చిన యాట



గడ్డిఅన్నారపు పండ్లబజారు బాటసింగారమునకు తరలిపోయిన పిదప కొత్తపేటలో మా వీధికి రాత్రివేళ లారీల రొద తగ్గినది. తగ్గుటచే నా మనుమని గదినుండి వచ్చు టకటక ధ్వని నాకు స్పష్టముగా వినబడజొచ్చెను. ఒకనాటి రాత్రి పోయి చూచితిని. తెరమీద ఎఱ్ఱటోపీ ధరించిన మీసాల బొమ్మ యొకటి గోతులు దాటుచు, ఇటుకలమీదికి దుముకుచు, చచ్చుచు, మరల పుట్టుచు నుండెను.

"ఇది మారియో ఆట, తాతగారూ! అయితే అసలుది కాదు, ఒకాయన మార్చినది" అని వాడు చెప్పెను.

నేను 30 ఏండ్లు పిల్లలకు పద్యములు చెప్పి, కవుల గ్రంథములలో ఎవరెవరో చొప్పించిన ప్రక్షిప్తములను చూచి పండ్లు కొఱికినవాడను. పరుల కృతిలో చేయిపెట్టుట నాకు సరిపడదు. అందుచే వానిని గట్టిగా మందలించితిని. ఆ మందలింపు ఎంతవఱకు న్యాయమో విచారించుటయే నేటి ప్రసంగము.

ఈ మారియో జపానుదేశపు నింటెండో సంస్థవారు 1981లో వెలువరించిన 'డాంకీ కాంగ్' అను ఆటలో పుట్టెను. సృష్టించినవాడు షిగెరు మియామోటో. 1985లో 'సూపర్ మారియో బ్రదర్స్', 1990లో 'సూపర్ మారియో వరల్డ్' వచ్చినవి. ఆడువాడు చేయవలసినది పరుగెత్తుట, దుముకుట, ఇంతే. ఎచ్చట దుమికిన ఎచ్చట దిగుదుమో యను లెక్కలోనే రుచియంతయు నున్నది. 2000 సంవత్సరమున ఒక అభిమాని, ఈ 1990 నాటి యాటలోని గోడలను, గోతులను, శత్రువులను మనకు నచ్చినట్లు కదల్చుకొనుటకు 'లూనార్ మేజిక్' అను పనిముట్టును రచించి ఉచితముగా లోకమున కొసగెను.

2007లో తాకెమోటో అను పేరుగల జపానీయుడొకడు ఆ పనిముట్టుతో ఒక యాట కట్టెను. ధనమునకు కాదు, కీర్తికి కాదు. తన స్నేహితుని ఏడిపించుటకు! స్నేహితుడు దాని నాడుచు పడిన పాట్లను చలనచిత్రములుగా తీసి, 'నేను మార్చిన మారియోను మిత్రునిచే ఆడించుట' అను నర్థము వచ్చు పేరు పెట్టిరి. మార్చి కట్టుటను ఆ భాషలో 'కైజో' అందురు గనుక ఆటకు 'కైజో మారియో' అని పేరు నిలిచినది. ఆంగ్లభాషీయులు దీనికి సభలో చెప్పరాని తిట్టుపేరొకటి పెట్టిరి. అదియు ఒక మెప్పే.

అందలి చమత్కార మొకటి వినుడు. ముందు గోయి యున్నది. ఎవడైనను ఎచ్చటినుండి దుముకునో కర్త ముందే యెఱుగును. సరిగా ఆ త్రోవలో, గాలిలో, కంటికి కనబడని ఇటుక నొకదానిని దాచెను. దుమికినవాని తల దానికి తగులును. వాడు గోతిలో పడును.

ఇది చెప్పుచు నా మనుమడు, "మీరు సభలో చేసినది ఇదియే గదా, తాతగారూ!" అనెను.

నేను నిరుత్తరుడనైతిని. తిరుపతి వేంకటకవులు ఊరూర వ్యాపింపజేసిన అవధానవిద్యలో నిషిద్ధాక్షరి యను నంశము మీరెఱుగుదురు. 40 ఏండ్ల క్రిందట ఒక సభలో నేను పృచ్ఛకుడనై కూర్చుంటిని. అవధాని 'రా' అనగానే, రాముడు వచ్చుచున్నాడని కనిపెట్టి 'మ' కూడదంటిని. ఆయన నవ్వి 'జ' అని సాగిపోయెను. రాబోవు నక్షర మెఱుగనివానికి దానిని నిషేధించుట సాధ్యము కాదు. ఆ పద్యమును విన్నంత శ్రద్ధగా నా జన్మలో మఱియొక పద్యమును వినలేదు. తాకెమోటో ఇటుక దాచిన చోటును చూడగా, మియామోటో బృందమువారి కట్టడమును ఆతడు ఎంత ప్రీతితో చదివియుండునో తెలియవచ్చును.

మఱి ఇది చౌర్యము కాదా యందురేమో. నియమము పాటించు అభిమానులు అసలు ఆటను పంచరు. 'ఈ స్థానమున నున్న సంఖ్యను తీసి ఈ సంఖ్య నుంచుడు' అను పట్టికను మాత్రమే పంచుదురు. దానిని 'ప్యాచ్' అందురు. మన పుస్తకముల చివర నుండు తప్పొప్పుల పట్టికవంటిది; గ్రంథము చేతలేనివానికి పట్టికతో పనిలేదు. ఇంతమాత్రమున న్యాయస్థానమున దోషము తొలగునని నేను చెప్పజాలను. 1990 తరువాత మన పట్టణములలో అమ్మిన ఆటడబ్బాల సంగతి వేఱు. వందలకొలది ఆటలని పైన అచ్చువేసి, లోపల కొన్నింటినే త్రిప్పి త్రిప్పి యుంచి, కర్తల పేరు చెఱిపి సొమ్ము చేసికొన్న వర్తకులు కలరు. నా కోపము వారిమీదనే నిలిచియున్నది.

2015లో నింటెండోవారే 'సూపర్ మారియో మేకర్' అను పేర, ఎవరి దారిని వారు కట్టుకొను సాధనమును అమ్మజొచ్చిరి.

నిన్నటి రాత్రి మా వాడు ఆ కైజో ఆటలో ఒక ఘట్టమున గెలుపుతోరణము దాటి చేతులు పైకెత్తెను. తోరణము దాటినంతనే బొమ్మ తనంతతాను నడచుట ఆ యాటలో నియమము. ఆడువాని చేత ఏమియు నుండదు. నడచి నడచి, అచ్చట కర్త పన్నియుంచిన ఉచ్చులో పడి చచ్చినది. ఇద్దఱమును పగలబడి నవ్వితిమి. "మరల మొదటినుండి" అని వాడనగా, నేను కుర్చీని దగ్గఱకు లాగుకొంటిని.