డెసిబెల్స్ చట్టం, చేతుల భాష

ఆదివారం మధ్యాహ్నం దూరదర్శన్‌లో బధిరుల వార్తలు వచ్చేవి. 1987లో మొదలైన ఆ బులెటిన్ వారానికి ఒక్కసారే. మా ఇంట్లో దాన్ని ఎవరూ వార్తల కోసం చూడలేదు. ఆ తర్వాత వేసే ప్రాంతీయ భాషా చిత్రం ఈ వారమైనా తెలుగుదేనా అని కాచుక్కూర్చునేవాళ్ళం. ఈలోగా పిల్లలం ఆ సైగల్ని అనుకరించి నవ్వుకునేవాళ్ళం. ఆ కాసేపటి కోసమే వారమంతా ఎదురుచూసేవాళ్ళు ఎక్కడో ఉంటారన్న ఊహ కూడా మాకు రాలేదు.

ఆ బులెటిన్ ఏ చట్టమో నిలదీస్తే వచ్చింది కాదు. అప్పటిదాకా బధిరుల మంచిచెడ్డలన్నీ బడులకూ ఆస్పత్రులకూ వదిలేసిన వ్యవహారం. 1880లో మిలాన్‌లో జరిగిన ఉపాధ్యాయుల మహాసభ సైగలు కాదు, నోటిమాటే నేర్పాలని తీర్మానించింది. బొంబాయి, కలకత్తాల్లో బధిరుల బడులు పుట్టింది ఆ తర్వాతి ఏళ్ళలోనే. పెదవుల కదలిక చూసి మాట పోల్చుకోవడం, గొంతు మీద చెయ్యి వేసి అక్షరం పలికించడం: చదువంటే ఇదే. ‘ప’, ‘బ’, ‘మ’ మూడింటికీ పెదవులు ఒకే తీరున కలుస్తాయి. అద్దం ముందు నిలబడి ‘పాట’, ‘బాట’, ‘మాట’ అని చూడండి, ఆ పిల్లల కష్టం ఏపాటిదో తెలుస్తుంది.

1995లో వికలాంగుల చట్టం వచ్చింది. అది చెవిని కొలిచింది. మెరుగ్గా వినే చెవిలో మాటల స్థాయి శబ్దాలకు 60 డెసిబెల్స్, అంతకు మించి నష్టం ఉంటేనే వినికిడి లోపం కింద లెక్క. ఎదురెదురుగా కూర్చుని మామూలుగా మాట్లాడుకునే చప్పుడు దాదాపు అంతే ఉంటుంది. ఆ గీత దాటినవాళ్ళకు ఉద్యోగాల్లో ఒక శాతం రిజర్వేషన్ ఇచ్చింది. అది చిన్న విషయమేమీ కాదు. అయితే ఆ చట్టంలో చదువు గురించిన ఒక నిబంధన దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. వినికిడి లోపమున్న విద్యార్థి ఒక్క భాషే చదివితే చాలునట, పాఠ్యప్రణాళికను అలా సవరించమంది. భారం దించాలన్న మంచి ఉద్దేశమే. కానీ భాషకు నోచుకోని పిల్లవాడికి చట్టం చేసిన సాయం ఇంకో భాష తగ్గించడం! బోధన సంజ్ఞా భాషలో జరగాలన్న మాట అందులో లేదు.

చట్టంలోకి సంజ్ఞా భాష రావడానికి ఇరవయ్యేళ్ళు పట్టింది. 2006లో ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడిక సంజ్ఞా భాషల్ని కూడా భాషలేనని గుర్తించింది. మరుసటేడే భారత్ దాన్ని ఆమోదించింది. 2016లో చేసిన కొత్త చట్టం 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చింది. డెసిబెల్స్ లెక్క అందులోనూ ఉంది: రెండు చెవుల్లోనూ 70 అయితే బధిరత్వం, 60 నుంచి 70 దాకా అయితే వినికిడి మందం. అయితే దాని పక్కనే వేరే రకం వాక్యాలు చేరాయి. టీవీ, సినిమా లాంటి మాధ్యమాల్లో సంజ్ఞా భాషా అనువాదం, క్యాప్షన్లు ఉండేలా చూడాల్సింది ప్రభుత్వమే అంది. చెవిటివాడి ముందు శంఖం అని మనకో సామెత. తప్పు ఊదేవాడిది కూడా అని మన చట్టానికి తోచింది అప్పుడే.

చట్టంలో రాసుకోవడం ఒక ఎత్తు, అనువదించే మనుషుల్ని తయారుచేసుకోవడం ఇంకో ఎత్తు. ర్యాంపు అయితే సిమెంటుతో కట్టి కొలిచి బిల్లు పెట్టుకోవచ్చు. సంజ్ఞా భాష వచ్చిన మనిషిని పోతపోయలేం కదా. భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం ఢిల్లీలో 2015లో గానీ ఏర్పడలేదు. అది 2018లో తెచ్చిన నిఘంటువులో మూడు వేల పదాలుంటే, 2021 నాటికి పది వేలయ్యాయి.

టీవీ చానళ్ళకు 2019లో ప్రమాణాలు వచ్చాయి, ప్రత్యక్ష ప్రసారాలను మినహాయించి. సినిమాల వంతు 2024 మార్చిలో వచ్చింది. ఒకటికి మించి భాషల్లో సెన్సార్ సర్టిఫికెట్ తీసుకునే చిత్రాలకు ఆరు నెలల్లో, మిగతావాటికి రెండేళ్ళలో క్యాప్షన్లు ఉండాలన్నారు. పాన్ ఇండియా అంటూ నాలుగైదు భాషల్లో దిగే మన తెలుగు సినిమాలు మొదటి వరసలోకే వస్తాయి. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ వేస్తున్నాం కదా అని నిర్మాతలు అనొచ్చు. సబ్‌టైటిల్ భాష రానివాడికి, క్యాప్షన్ శబ్దం అందనివాడికి. హీరోయిన్ ఉలిక్కిపడి వెనక్కి తిరుగుతుంది. ఎందుకు తిరిగిందో సబ్‌టైటిల్ చెప్పదు. ‘వెనక తలుపు కిర్రుమన్న చప్పుడు’ అని క్యాప్షన్ చెబుతుంది.

2023 సెప్టెంబరులో బధిర న్యాయవాది సారా సన్నీ సంజ్ఞా భాషా అనువాదకుడి సాయంతో సుప్రీంకోర్టులో వాదన వినిపించారు. ఆన్‌లైన్ విచారణ అది. అనువాదకుడు తెరమీద ఉంటే చాలనుకుని, సారా వీడియోకు కంట్రోల్ రూమ్ మొదట ఒప్పుకోలేదు, తర్వాత సరేనంది. వాదించే లాయరు తానే తెరమీద కనిపించాలి, ఇంత చిన్న సంగతి ఎవరో ఒకరు విప్పి చెప్పాల్సి వచ్చింది.

మరుసటి ఏడాది నవంబరు 8న అదే కోర్టు ఇంకో గట్టి మాట అంది. బహిరంగ స్థలాల్లో వికలాంగులకు సౌకర్యాల కోసం 2005లో చూపులేని రాజీవ్ రతూరి వేసిన కేసది. సౌకర్యాల పరిస్థితి మీద హైదరాబాద్ నల్సార్‌లోని వైకల్య అధ్యయన కేంద్రం నివేదిక ఇచ్చింది. చట్టమేమో తప్పనిసరి అంటోంది, 2017 నిబంధనల్లోని 15వది మాత్రం ‘వీలైతే చెయ్యండి’ అనే మార్గదర్శకాల్ని పేర్చింది, ఇది చెల్లదని కోర్టు కొట్టేసింది. తప్పనిసరి ప్రమాణాలు మూడు నెలల్లో తయారుచేయమంది.

ఆ తీర్పు వచ్చిన కొన్నాళ్ళకు మా బంధువుల పిల్లను వైకల్య ధ్రువపత్రాలిచ్చే సదరం క్యాంపుకు తీసుకెళ్ళాను. వినికిడి పరీక్ష గది ముందు ఇరవై ముప్ఫై మంది. ఒకాయన గుమ్మంలోకొచ్చి కాగితం చూసి పేర్లు కేకేశాడు. పలకలేదని రెండు పేర్లు కొట్టేసి లోపలికి వెళ్ళిపోయాడు. రెండోది మా పిల్లదే. నేను మంచినీళ్ళ కోసం బయటికి వెళ్ళాను. అది గుమ్మంకేసి చూస్తూనే ఉందట.