థైరాయిడ్ మాత్ర వాడుతున్నారా..? రిపోర్టులో అంకె తేడాగా వస్తే డోసు మార్చే ముందు ఇవి చూసుకోండి!

థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నా జుట్టు ఊడుతోంది, నీరసం తగ్గట్లేదు. దాంతో మెడికల్ షాపులో జుట్టు కోసమంటూ ఓ విటమిన్ మాత్రల డబ్బా కొంటారు. నెల తిరిగాక రక్తపరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్‌ బాగా పడిపోయి కనిపిస్తుంది. డోసు ఎక్కువైందేమోనని మాత్ర సగానికి విరిచి వేసుకోవడం మొదలుపెడతారు. అసలు చిక్కు అక్కడే ఉంది. మారింది థైరాయిడ్ కాకపోవచ్చు.. పరీక్షను తప్పుదోవ పట్టించింది ఆ విటమిన్ మాత్రే కావచ్చు! అందుకే రిపోర్టులో అంకె ఒక్కటే చూస్తే సరిపోదు. ఆ రోజు ఏం వేసుకున్నారు, ఎప్పుడు వేసుకున్నారు అన్నది కూడా చూడాలి.

టీఎస్‌హెచ్‌ పెరిగితే హార్మోన్ తగ్గినట్టే

టీఎస్‌హెచ్‌ని తయారుచేసేది థైరాయిడ్ కాదు, మెదడు అడుగున ఉండే పిట్యుటరీ గ్రంథి. ఒంట్లో థైరాయిడ్ హార్మోన్ తగ్గితే 'ఇంకా కావాలి' అంటూ పిట్యుటరీ టీఎస్‌హెచ్‌ని పెంచుతుంది. హార్మోన్ ఎక్కువైతే తగ్గిస్తుంది. అంటే హైపోథైరాయిడిజానికి మాత్ర వాడేవారిలో టీఎస్‌హెచ్‌ ఎక్కువగా ఉంటే మందు చాలట్లేదని, మరీ తక్కువగా ఉంటే మందు ఎక్కువైందని సాధారణంగా అర్థం. పెద్దవారిలో లీటరుకు సుమారు 0.4 నుంచి 4 మిల్లీ యూనిట్ల వరకు నార్మల్‌గా చూస్తారు. ల్యాబ్‌ను బట్టి ఈ హద్దులు కాస్త మారతాయి. అందుకే వీలైనంత వరకు ప్రతిసారీ ఒకే ల్యాబ్‌లో, దాదాపు ఒకే సమయానికి పరీక్ష చేయించుకోవడం మంచిది.

డోసు మార్చిన 10 రోజులకే పరీక్షా?

థైరాయిడ్ మాత్రలో ఉండే మందు పేరు లెవోథైరాక్సిన్. వేసుకున్న మందులో సగం ఒంట్లోంచి పోవడానికే దాదాపు వారం పడుతుంది. కొత్త డోసు ప్రభావం రక్తంలో నిలకడగా కనిపించాలంటే 6 నుంచి 8 వారాలు ఆగాలి. ఈలోపు పరీక్ష చేయిస్తే వచ్చేది సగం కథే.

పరీక్ష రోజు రక్తం ఇచ్చాకే మాత్ర వేసుకోవడం మేలు. మాత్ర వేసుకున్న కొన్ని గంటల వరకు ఫ్రీ టీ4 తాత్కాలికంగా ఎక్కువగా కనిపిస్తుంది. ఇంకో మాట.. నెలంతా మాత్రలు మర్చిపోయి, పరీక్షకు 4 రోజుల ముందు నుంచి వరుసగా వేసుకుంటే టీ4 బాగానే కనిపించినా టీఎస్‌హెచ్‌ ఎక్కువగానే ఉండొచ్చు. మధ్యలో మాత్రలు మిస్ అయితే డాక్టర్‌కి దాచకుండా చెప్పండి. లేదంటే అవసరం లేకుండానే డోసు పెరుగుతుంది.

జుట్టు మాత్రలతో బోల్తా

జుట్టు, గోళ్ల కోసమంటూ అమ్మే చాలా మాత్రల్లో బయోటిన్ ఉంటుంది. పెద్దవారికి రోజుకు 30 మైక్రోగ్రాములు చాలు. ఈ మాత్రల్లో 5 నుంచి 10 మిల్లీగ్రాముల వరకు ఉంటోంది. అంటే 150 రెట్ల పైమాటే! కొన్ని ల్యాబ్ పరీక్షల విధానంలోనే బయోటిన్ వాడతారు. కాబట్టి రక్తంలో అది ఎక్కువగా ఉంటే లెక్క తప్పుతుంది. టీఎస్‌హెచ్‌ లేనిపోని తక్కువగా, టీ3, టీ4 లేనిపోని ఎక్కువగా రావొచ్చు. బయోటిన్ వల్ల ల్యాబ్ పరీక్షలు తప్పుగా రావచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది. థైరాయిడ్ పరీక్షకు కనీసం 2 రోజుల ముందు బయోటిన్ ఆపాలని అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ సూచిస్తోంది. డాక్టర్ రాసిన పెద్ద డోసు అయితే ఎప్పుడు ఆపాలో ఆయన్నే అడగాలి.

ఐరన్, కాల్షియంతో కలిపి వేసుకోవద్దు

థైరాయిడ్ మాత్రను పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, టిఫిన్‌కి 30 నుంచి 60 నిమిషాలు ఆగాలి. కాఫీకి కూడా ఇదే లెక్క. ఐరన్, కాల్షియం మాత్రలకైతే కనీసం 4 గంటల తేడా ఉండాలి. లేదంటే అవి లెవోథైరాక్సిన్‌ని పేగుల్లోనే పట్టేసుకుంటాయి. మాత్ర రోజూ వేసుకుంటున్నా టీఎస్‌హెచ్‌ దిగిరాకపోవడానికి ఇదో కారణం.

టీఎస్‌హెచ్‌ నార్మల్.. మరి నీరసం ఎందుకు?

అన్ని ఇబ్బందులకూ థైరాయిడే కారణం కాదు. ఇక్కడే మిగతా పరీక్షలు పనికొస్తాయి.

బి12: మిల్లీలీటరుకు 200 పికోగ్రాముల లోపు ఉంటే సాధారణంగా లోపంగా చూస్తారు. నీరసంతో పాటు అరికాళ్లలో తిమ్మిర్లు రావొచ్చు. శాకాహారుల్లో, షుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఎక్కువకాలం వాడేవారిలో ఈ లోపం వచ్చే అవకాశం ఎక్కువ.

విటమిన్ డి: మిల్లీలీటరుకు 20 నానోగ్రాముల లోపు ఉంటే లోపంగా లెక్కిస్తారు. దీనికి ఇచ్చే 60,000 యూనిట్ల మందును ఎక్కువగా వారానికి ఒక్కటి చొప్పునే రాస్తారు. పొరపాటున రోజూ వేసుకుంటే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలకు ముప్పు.

ఫెరిటిన్: ఒంట్లో ఐరన్ నిల్వను చూపిస్తుంది. హిమోగ్లోబిన్ పడిపోకముందే ఇది తగ్గుతుంది. నీరసం, జుట్టు ఊడటం ఉన్నవారు దీని గురించి డాక్టర్‌ని అడగొచ్చు.

వీళ్లు ఆలస్యం చేయొద్దు

గర్భం అని తేలగానే మాత్ర ఆపకూడదు, వెంటనే డాక్టర్‌కి చెప్పాలి. ఆ సమయంలో చాలామందికి డోసు పెంచాల్సి వస్తుంది. తొలి నెలల్లో బిడ్డ మెదడు ఎదుగుదలకు తల్లి హార్మోనే ఆధారం. ఇక గుండె దడ, చేతులు వణకడం, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే డోసు ఎక్కువై ఉండొచ్చు. పెద్దవయసువారిలో డోసు ఎక్కువైతే గుండె లయ తప్పే, ఎముకలు బలహీనపడే ప్రమాదం ఉంది.

రిపోర్టు నార్మల్ వచ్చిందని మాత్ర మానేయడం ఇంకో పెద్ద పొరపాటు. చాలామందికి ఆ అంకె నార్మల్‌గా ఉన్నది మాత్ర వల్లే. ఈసారి డాక్టర్ దగ్గరకు వెళ్లేటప్పుడు పాత రిపోర్టులతో పాటు, వాడుతున్న అన్ని మాత్రల పేర్లూ, వేసుకునే టైమూ ఓ కాగితం మీద రాసి తీసుకెళ్లండి.

గమనిక: ఈ సమాచారం అవగాహన కోసమే. డాక్టర్ సలహా లేకుండా మందు మార్చడం, ఆపడం చేయొద్దు.